ప్రస్నవమా, ప్రస్రవమా?

పాఠకుడు: నాడీ సంకేతం అందగానే హార్మోన్లు వదిలే నాడీ అంతఃస్రావ కణాల గురించి తెలుగులో పాఠం రాస్తుంటే, కాళిదాసు రఘువంశం మొదటి సర్గలో వసిష్ఠుడి ఆవు నందిని వచ్చే శ్లోకం గుర్తుకొచ్చి వదలడం లేదు. దూడను చూడగానే పాలు నేల మీద కురిశాయనే చోట ఉన్నది ‘ప్రస్నవేన’ అనా, ‘ప్రస్రవేణ’ అనా? పీయూష (పిట్యూటరీ) గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ హార్మోను విడుదలయ్యే ఘట్టానికి ఆ మాటే వాడాలని నా ఆశ.

రేఫాభిమాని: నాకు రేఫతోనే, అంటే రకారంతో ‘ప్రస్రవేణ’ అనే నేర్పారు. రేఫ ఉంటే చివరి నకారం ణకారమవుతుంది కనుక, ఇది ఒక్క అక్షరం జారిన చేతితప్పు కాదు.

పాతప్రతి: నేర్పినవారిని కాదనను గాని, ‘స్ను’ ధాతువుకు పాలు చేపడమనే (పొదుగులో పాలు దిగడమనే) ప్రత్యేకార్థం ఉంది, ‘స్రు’ అయితే ఏ నీరు కారినా సరిపోతుంది. పైగా ‘వత్సాలోకప్రవర్తినా’ అన్నాడు కాళిదాసు: దూడ మూతి తగలనక్కర లేదు, చూపు చాలు.

పాడిఇల్లు: శరీరశాస్త్రం కూడా అదే చెబుతుంది. మెదడులోని హైపోథాలమస్ కణాల్లో ఆక్సిటోసిన్ మొదట న్యూరోఫైసిన్ అనే తోడు ప్రోటీనుతో కలిసి ఒకే పొడవైన ప్రోటీనుగా పుట్టి, కణంలో ప్రోటీన్లను మూటగట్టే గోల్జీ దగ్గర పొర చుట్టిన కణికల్లోకి చేరి, ఆ కణికల్లోనే తెగి 9 అమైనో ఆమ్లాల హార్మోనుగా మారి, ఆ కణాల పొడవైన తోకల్లాంటి ఆక్సాన్ల వెంట పీయూష గ్రంథి వెనుక భాగానికి దిగి అక్కడ నిలువ ఉంటుంది. 1908లో హెరింగ్ వర్ణించిన ఉబ్బులు ఆ నిలువలే. నాడీ సంకేతం రాగానే కాల్షియం లోపలికి దూసుకువచ్చి, కణిక పొర కణం పొరతో కలిసి తెరుచుకుంటుంది. ‘స్రావం’ అనే మాటలో ఈ కాచుకుని ఉండడం లేదు; ‘చేపు’లో ఉంది.

రేఫాభిమాని: ఆక్సిటోసిన్ నెత్తురులో కలిసి పొదుగుకు చేరి, పాలతిత్తుల చుట్టూ ఉన్న కణాలను బిగించాక కదా ఆవు చేపేది? ఒకే గొలుసులోని రెండు ఘటనలకు ఒకే పేరు పెడితే విద్యార్థి ఏమైపోవాలి?

పాడిఇల్లు: మరి బెదిరిన ఆవు ఎగచేపడానికి, అంటే పాలు దిగనీయక బిగబట్టడానికి, మీ సంస్కృతంలో మాటేమిటి? అక్కడ పనిచేసే అడ్రినలిన్ కూడా ఎడ్రినల్ గ్రంథిలో ఇలాంటి కణికల్లోనే మూటగట్టి ఉంటుంది.

పాతప్రతి: అమరకోశంలో పీయూషమంటే జున్నుపాలు. గ్రంథికి ఆ పేరు పెట్టినవారు ఎవరో గాని, పాల సంగతి ముందే ఊహించినట్టుంది!

పాఠకుడు: ప్రస్తుతానికి పాఠంలో ‘విడుదల’ అనే ఉంచాను. మల్లినాథుడి వ్యాఖ్య దగ్గరున్నవారు ఆ ఒక్క అక్షరం చూసి చెప్పగలరా?

రేఫాభిమాని: ణకారం కూడా చూడండి.