1292 తీర్పు: స్కాట్లాండ్ గద్దె బాలియల్‌కు ఇవ్వడం న్యాయమేనా?

కోటగుమ్మం:
1286 మార్చిలో ఒక రాత్రి కింగ్‌హార్న్ దగ్గర గుర్రం మీంచి పడి స్కాట్లాండ్ రాజు మూడో అలెగ్జాండర్ చనిపోయాడు. పిల్లలు ముగ్గురూ అంతకుముందే పోయారు. మిగిలిన ఒక్క మనవరాలు, నార్వేలో పుట్టిన మార్గరెట్, 1290లో స్కాట్లాండ్‌కు వస్తూ ఓర్క్‌నీలో కన్నుమూసింది. గద్దె మాదంటూ పదిమందికి పైగా బయల్దేరారు. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ తగవు విని, 1292 నవంబరు 17న బెరిక్‌లో జాన్ బాలియల్‌కు తీర్పిచ్చాడు. ఇది అన్యాయమని నా వాదన. రాబర్ట్ బ్రూస్ (తర్వాత రాజైన బ్రూస్‌కు తాత) రాజవంశానికి చెందిన హంటింగ్‌డన్ ఎర్ల్ (ప్రభువు) డేవిడ్‌కు స్వయానా మనవడు. బాలియల్ మునిమనవడు. దగ్గరివాణ్ని కాదని దూరపువాడికి ఇస్తారా?

వంశవృక్షం:
మీరు ఎంత దగ్గర అన్నదే చూస్తున్నారు, ఏ శాఖ అన్నది వదిలేశారు. ఆ డేవిడ్‌కు ముగ్గురు కూతుళ్లు. బాలియల్ పెద్ద కూతురి కూతురి కొడుకు, బ్రూస్ రెండో కూతురి కొడుకు. పెద్ద శాఖలో మనిషి ఉండగా హక్కు చిన్న శాఖకు పోదు. తీర్పు నిలబడింది దీని మీదే.

తేదీలు కూడా చూడండి. బాలియల్ తల్లి డెర్వర్గిలా 1290 జనవరిలో పోయింది, చిన్నారి మార్గరెట్ అదే ఏడు సెప్టెంబరులో. డెర్వర్గిలా ఆ ఏడాది గట్టెక్కి ఉంటే ఆవిడా డేవిడ్‌కు మనవరాలే, పైగా పెద్ద కూతురి బిడ్డ. బ్రూస్‌కు నేను మగవాణ్ని అనడం తప్ప ఇంకో వాదన మిగిలేది కాదు. తల్లి ఎనిమిది నెలలు ముందు పోయినంత మాత్రాన కొడుకు హక్కు ఎగిరిపోతుందా?

నాకు అసలు మింగుడుపడనిది వేరే ఉంది. తన వాదన వీగిపోగానే బ్రూస్ మూడో కూతురి మనవడు జాన్ హేస్టింగ్స్ పక్కన చేరి, రాజ్యాన్ని మూడు వాటాలు వేయమన్నాడు. అప్పటిదాకా గద్దె మొత్తం తనదేనన్న మనిషి, ఓడిపోతే దేశాన్ని ముక్కలు చేయడానికైనా సిద్ధపడ్డాడు!

ఉత్తరగాలి:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారండీ. 1291లో నోరమ్‌లో ఎడ్వర్డ్ పోటీదారులందరి చేతా తనను స్కాట్లాండ్ పైప్రభువుగా ఒప్పించుకున్నాకే తగవు విన్నాడు. తీర్పు సరైనదే అనుకుందాం, మరి ఆ గద్దెకు విలువేం మిగిలింది? బాలియల్ ఇచ్చిన తీర్పుల మీద ఇంగ్లండ్‌లో అప్పీళ్లు విన్నారు. ఫ్రాన్స్ మీద యుద్ధానికి సైన్యంతో రమ్మన్నారు. తిరగబడితే 1296లో గద్దె దించి, అంగీ మీది రాజచిహ్నాలు కూడా చింపేశారు.

కోటగుమ్మం:
అందుకే కదా గట్టివాడు కావాల్సింది. పైగా 1238లో రెండో అలెగ్జాండర్ తననే వారసుడిగా ఒప్పుకున్నాడని బ్రూస్ సాక్ష్యం చూపిస్తానన్నాడు.

వంశవృక్షం:
1238 నాటికి ఆ రాజుకు పిల్లల్లేరు. 1241లో కొడుకు పుట్టాడు, వంశం సాగింది. ఆ మాట అన్నాడే అనుకున్నా అక్కడితో దాని పని అయిపోయింది.

ఉత్తరగాలి గారు, ఎడ్వర్డ్ దురాశ గురించి మీరన్న ప్రతి మాటా నిజం. కానీ తీర్పరుల్లో 80 మంది స్కాట్లాండ్ తరఫువాళ్లే, బాలియల్ ఎంచుకున్నవాళ్లు 40, బ్రూస్ ఎంచుకున్నవాళ్లు 40. బ్రూస్ మనుషుల్లోనూ చాలామంది చివరికి బాలియల్ వైపే మొగ్గారు. బాలియల్ చేతకానివాడైతే అది వేరే చర్చ, హక్కు మాత్రం అతనిదే.

కోటగుమ్మం గారు, దగ్గరితనమే కొలత అయితే ఒక్కదానికి జవాబు చెప్పండి. 1315లో ఎయిర్‌లో రాజు రాబర్ట్ బ్రూస్, కన్నకూతురు మార్జొరీ ఉండగా, తన తర్వాత గద్దె తమ్ముడికని ఎందుకు రాయించాడు?