మెడ మీద పుట్టుకతో ఉన్న రంధ్రం: ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, ఆగవచ్చా?

గుణుపురం కోడలు:
మా పాపకు మూడేళ్లు. మెడకు కుడివైపు, కాలర్ ఎముకకు కొంచెం పైన, పుట్టినప్పటి నుంచి సూదిమొన పట్టేంత రంధ్రం ఉంది. దానిలోంచి అప్పుడప్పుడు జిగురు నీరు ఊరుతుంది, జలుబు చేస్తే చుట్టూ ఎర్రబడుతుంది. బరంపురంలో చూపిస్తే ఇది రెండవ బ్రాంకియల్ ఆర్చ్‌కు (పిండం గొంతు దగ్గర ఏర్పడే కమాను లాంటి మడతకు) సంబంధించిన లోపమని, లోపలి దారి మొత్తాన్ని ఆపరేషన్ చేసి తీయాలని, అంతకుముందు వినికిడి పరీక్ష, మూత్రపిండాల స్కానింగ్ చేయించాలని చెప్పారు. మా మామగారు ఒప్పుకోవడం లేదు. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు, సూర్యగ్రహణం పట్టిన వేళ నేను ఐదో నెల కడుపుతో పెరట్లోకి వెళ్లాననీ, దాని ఫలితమే ఇదనీ, గ్రహణ దోషానికి కత్తి పెట్టకూడదనీ అంటున్నారు. తెలిసినవారు చెప్పండి.

పర్లాకిమిడి పెద్దాయన:
మీ మామగారి మాటను తీసిపారేయకమ్మా. మా వీధిలో గ్రహణ మొర్రితో పుట్టిన పిల్లవాడి తల్లి ఆ రోజు కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరగడం నేను కళ్లారా చూశాను. పైగా ఆడపిల్ల. మెడ మీద గాటు పడితే రేపు పెళ్లిచూపుల్లో ఏమని సమాధానం చెబుతారు? నొప్పి లేనిదాన్ని కదిలించడం ఎందుకు?

బరంపురం అనాటమీ:
పెద్దాయన గారూ, ముందు వారాల లెక్క చూద్దాం. పిండానికి నాలుగో వారం నడుస్తుండగా, గొంతు కాబోయే చోట రెండు పక్కలా కమానుల వంటి మడతలు ఒకదాని కింద ఒకటి లేస్తాయి. లెక్కకు అవి ఆరు, కానీ ఐదవది మనిషిలో నిలవదు. ఒక్కొక్క కమానుకు తనదైన నరం, ధమని, మృదులాస్థి, కండరం ఉంటాయి. మొదటిదాని నుంచి నమిలే కండరాలు, మధ్యచెవిలోని రెండు చిన్న ఎముకలు వస్తాయి. రెండవదాని నుంచి ముఖ కవళికలను నడిపే కండరాలు, చెవిలోని మూడవ ఎముకలో ఎక్కువ భాగం వస్తాయి. కమానుల మధ్య బయటివైపు నాలుగు పల్లాలుంటాయి. మొదటి పల్లం చెవి రంధ్రంగా నిలిచిపోతుంది. మిగిలిన మూడింటినీ రెండవ కమాను కిందికి పెరుగుతూ కప్పేస్తుంది, ఆ కప్పు కింద మిగిలిన గుంట ఏడో వారం ముగిసేసరికి పూడిపోవాలి. పూడకుండా లోపలే మూసుకుని ఉండిపోతే సిస్ట్, చర్మం మీదికి మాత్రమే తెరుచుకుంటే సైనస్, చర్మం నుంచి టాన్సిల్ దాకా రెండు చివరలా తెరుచుకుంటే ఫిస్టులా అంటాం. ఇలాంటి లోపాల్లో నూటికి తొంభైకి పైగా ఈ రెండవ కమానుకు చెందినవే.

నెల తప్పిన లెక్కలో రెండు వారాలు కలుపుకున్నా, తొమ్మిదో వారానికి ఇదంతా ముగిసిపోతుంది. ఐదో నెలలో పట్టిన గ్రహణం అప్పటికే జరిగిపోయిన దానికి కారణం ఎలా అవుతుంది?

పర్లాకిమిడి పెద్దాయన:
గర్భంలో ఏ వారంలో ఏం జరిగిందో ఎవరు కూర్చుని చూశారు? అంతా ఏడో వారంలోనే తేలిపోతే, మా తోడల్లుడికి ఇరవై ఎనిమిదో ఏట దవడ కింద నిమ్మకాయంత గడ్డ ఎందుకు లేచింది? దాన్ని కూడా పుట్టుకతో వచ్చిందే అన్నారు.

రాయగడ ఫార్మసిస్టు:
మెడలో గడ్డ అంటే ముందు గండమాలను, అంటే మెడ గ్రంథుల క్షయను, అనుమానించాలి. మన వైపు క్షయ తక్కువేమీ కాదు.

బరంపురం అనాటమీ:
ఫార్మసిస్టు గారి మాట పెద్దవారి విషయంలో సరైనదే. మెడలో కొత్తగా గడ్డ కనిపిస్తే సూదితో నమూనా తీసి చూడాలి. నలభై దాటినవారిలో నీటితిత్తిలా కనిపించేది టాన్సిల్ నుంచో థైరాయిడ్ నుంచో పాకిన క్యాన్సరై ఉండవచ్చు కూడా. కానీ పుట్టిననాటి నుంచి ఉన్న రంధ్రం క్షయ కాదు.

తోడల్లుడి గారి గడ్డ గురించిన ప్రశ్నకు జవాబు కష్టం కాదు. పూడని తిత్తి ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండి, జలుబో గొంతునొప్పో వచ్చినప్పుడు వాచి బయటపడుతుంది. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య అలా బయటపడటం మామూలే. మెడ పక్కన వచ్చే ఈ గడ్డలన్నీ కమానుల నుంచే వస్తాయా, లింఫు గ్రంథిలో చిక్కుకున్న పొర నుంచి కూడా వస్తాయా అన్న వాదం మాలో మాకే ఉంది, అది దాచను. ఆ వాదంలో ఏ పక్షమూ గ్రహణాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

జయపురం రవి:
మా తమ్ముడికి మెడ ఎడమవైపు, థైరాయిడ్ దగ్గర, పదేపదే చీము పట్టేది. ప్రతిసారీ కోసి, చీము తీసి పంపేసేవారు. చివరికి లోపల గొంతులో మొదలయ్యే దారి ఉందని తేలింది.

బరంపురం అనాటమీ:
మూడవ, నాలుగవ కమానుల దారులు అలాగే ఉంటాయి, ఎక్కువగా ఎడమవైపే. పాప విషయంలోనూ నేను భయపడేది దీనికే. చీము పట్టాక కోసి వదిలేస్తే కణజాలం అతుక్కుపోతుంది, తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది. పాపకున్నలాంటి రెండవ కమాను దారి మెడలోని కెరోటిడ్ ధమని రెండు కొమ్మల మధ్యగా టాన్సిల్ వైపు ఎక్కుతుంది కాబట్టి, అతుక్కుపోయిన చోట దాన్ని విడదీయడం ఏ సర్జనుకూ ఇష్టం ఉండదు. గాటు గురించి అంటారా, చర్మపు ముడతల వెంట ఒకటి రెండు చిన్న అడ్డగాట్లు పెడతారు. ఏళ్ల తరబడి చీము కారిన మెడ కంటే అవి నయం.

పర్లాకిమిడి పెద్దాయన:
తల్లి అజాగ్రత్తను వారాల లెక్కలతో కప్పిపుచ్చకండి. చెవికీ మూత్రపిండాలకూ మెడతో ఏం పని? పరీక్షల పేరిట డబ్బు గుంజడం కాక మరేమిటి?

గుణుపురం కోడలు:
నా అజాగ్రత్త అని ఎంత సులువుగా అన్నారండీ! మా ఆయనకు రెండు చెవుల ముందు చిన్న గుంటలున్నాయి. ఆయన మేనత్తకు చిన్నప్పటి నుంచి వినపడదు. మా ఆడపడుచు చెవి ముందు కూడా అలాంటి గుంటే ఉంది, ఆమెకు ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. బరంపురంలో డాక్టరుగారు ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగినప్పుడు, మామగారు నా చెయ్యి నొక్కి లేదని చెప్పించారు. ఆ రోజు నుంచే గ్రహణం మాట మొదలైంది.

బరంపురం అనాటమీ:
అమ్మా, ఇది మీరు మొదటే చెప్పవలసిన మాట. చెవి ముందు గుంట చాలామందిలో ఉంటుంది, ఒక్కటే ఉంటే సాధారణంగా దానికి అర్థమేమీ ఉండదు. అయితే మెడలో రంధ్రం, చెవి గుంటలు, చెవుడు ఒకే కుటుంబంలో కనిపిస్తే బ్రాంకియో ఓటో రీనల్ సిండ్రోమ్ అనే జన్యు లోపాన్ని అనుమానించాలి. అందులో మూత్రపిండాలు కూడా సరిగా ఏర్పడకపోవచ్చు. స్కానింగ్ అడిగింది అందుకే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ జన్యుమార్పు ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మీ ఇంట్లో అదే ఉందని నేను అనడం లేదు. చూడకుండా లేదని అనలేము.

పర్లాకిమిడి పెద్దాయన:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు. వంశంలో ఉందని ఒక డాక్టరు అన్న ఒక్క మాటకు మా పెద్దమ్మాయి సంబంధం నిశ్చయ తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయింది. గ్రహణమంటే ఒక్క బిడ్డతో పోతుంది. వంశమంటే ఇంటిల్లిపాదినీ పట్టుకుంటుంది. ఆయన ఎందుకలా అన్నారో మీకు అర్థం కాదు, నాకు అర్థమవుతుంది.

రాయగడ ఫార్మసిస్టు:
ఆ పోయే ఒక్కటీ కోడలి మీదుగానే పోవాలా?

పర్లాకిమిడి పెద్దాయన:
నేను అలా అనలేదు. వినికిడి పరీక్ష చేయించండి, వద్దనను. ఆడపడుచు ఊసు మాత్రం ఆసుపత్రి కాగితం మీద ఎక్కనివ్వకండి.

బరంపురం అనాటమీ:
మేనత్త చెవుడు గురించి చెప్పకపోతే ఆ పరీక్షల ఫలితాన్ని సగమే చదవగలం. ఆ కాగితం పెళ్లివారి చేతికి పోదు. వినికిడి పరీక్షకు ఖర్చు భయమైతే, అంగన్‌వాడీకి వచ్చే ఆర్.బి.ఎస్.కె. (పిల్లల ఆరోగ్య పరీక్షలకు ఉన్న ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాన్ని అడగండి, పుట్టుచెవుడు వారి జాబితాలోనే ఉంది. ఆపరేషన్ తేదీ ఆ తరువాత, రంధ్రం ఎర్రబడకుండా ఉన్న సమయం చూసి పెట్టించుకోండి.

గుణుపురం కోడలు:
ఇదంతా మా ఆయనకు చదివి వినిపించాను. ఈసారి బరంపురానికి ఆయనే వస్తానన్నారు, తన చెవులు కూడా చూపించుకుంటానన్నారు. మామగారికి ఇంకా చెప్పలేదు.