మడత చాకుకున్న కార్క్‌స్క్రూతో బిరడా సగానికి విరుగుతోంది, కారణం ఏమిటి?

మడతచాకు:
నమస్కారం. చాకు 91 మి.మీ. పొడవున్న స్విస్ మడత రకం. కార్క్‌స్క్రూ వీపు వైపు సరిగ్గా మధ్యలో ఉంది. మీట ఏమీ లేదు, మర, దానికి అడ్డంగా పిడి, అంతే. వైన్ సీసా బిరడా దీంతో లాగితే రెండుసార్లలో ఒకసారి విరిగి, కింది ముక్క మెడలోనే ఉండిపోతోంది. మర వంగలేదు, మొన పదునుగానే ఉంది. బలం చాలకా, మర ఎక్కించే పద్ధతిలో తప్పా, లేక ఈ పనికి ఈ పనిముట్టే చాలదా? మెడలో మిగిలిన ముక్కను ఎలా తీయాలో కూడా చెప్పండి.

పురిమర:
పనిముట్టు చాలుతుందండి. మీట లేదు కాబట్టి మర ఎక్కించేటప్పుడు చేసిన చిన్న తప్పు కూడా లాగేటప్పుడు బయటపడుతుంది, అంతే.

ముందు విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి, కారణం చాలావరకు అదే చెబుతుంది. విరిగిన చోటు అడ్డంగా, దాదాపు సమంగా ఉంటే మర చాలినంత లోతుకు దిగలేదు. మర ఆగిన చోట బిరడా తెగింది. విరుపు ఏటవాలుగా ఉంటే మర వంకరగా ఎక్కింది, లేదా మీరు పక్కకు లాగారు. బిరడా అలాగే ఉండి, మర మాత్రం పొడి పట్టుకుని బయటికి వచ్చేస్తే బిరడా ఎండిపోయింది, లేదా మర రకమే మంచిది కాదు.

మర రకం అంటే ఇది: మంచి మర మధ్యలో డొల్లగా ఉంటుంది, గట్టి తీగను పెన్సిలుకు చుట్టి పెన్సిలు లాగేసినట్టు. కింద నుంచి చూస్తూ అగ్గిపుల్లను నడుమ దూర్చితే పైదాకా పోవాలి. ఇలాంటి మర బిరడాలో తన దారి తను చేసుకుంటూ పోతుంది, చుట్టూ ఉన్న బిరడాను చెదరగొట్టదు. మధ్యలో గట్టి కడ్డీ, దాని చుట్టూ రెక్కలు ఉన్న మర బర్మాలా పనిచేస్తుంది, నడుమను తొలిచి పొడి చేస్తుంది. స్విస్ చాకులకు వచ్చేది డొల్ల మరే కాబట్టి మీకు ఆ బెంగ లేదు.

ఇక మర ఎక్కించడం. మొదట మూతి మీది రేకును చిన్న బ్లేడుతో, మూతి ఉబ్బుకు కిందుగా చుట్టూ కోసి తీసేయండి. బిరడా తల తుడవండి. బ్లేడు మూసేశాకే కార్క్‌స్క్రూ తెరవండి.

అందరూ పొరబడేది మొన పెట్టే చోటు దగ్గరే. మొనను బిరడాకు సరిగ్గా నడుమ పెడతారు. కానీ మొన ఉండేది మర చుట్టు అంచున, మర నడిమి గీత మీద కాదు. మొన నడుమ పెడితే మర మొత్తం ఒక పక్కకు జరిగి గాజు గోడను ఒరుసుకుంటూ దిగుతుంది. బయటి వెడల్పు 8 మి.మీ. ఉన్న మరకైతే మొన నడుమ నుంచి సుమారు 3 మి.మీ. పక్కన పడాలి. మరను కొంచెం వాల్చి మొన నిట్టనిలువుగా గుచ్చుకునేలా నొక్కండి. పావు చుట్టు తిప్పగానే మరను నిటారుగా నిలబెట్టండి. ఇక్కడి నుంచి కిందికి నొక్కకూడదు, తిప్పడమే. మర తనంతట తను దిగుతుంది.

మొదటి రెండు చుట్లలో ప్రతి అర చుట్టుకూ ఒకసారి ఆగి, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడండి. ఒరిగితే అప్పుడే వెనక్కి తిప్పి సరిచేయాలి. మూడో చుట్టు దాటాక సరిచేయబోతే బిరడా లోపల చీలుతుంది.

లోతు సంగతి. బిరడాలు పొట్టివైతే 38 మి.మీ., మామూలుగా 44, 45, పొడవైతే 49 లేదా 54 ఉంటాయి. మీ మర చుట్లున్న భాగాన్ని స్కేలుతో కొలుచుకోండి. బిరడా కింది అంచుకు 5 మి.మీ. ఇవతల మర ఆగితే మంచిది, అడుగు చీల్చుకుని పోతే నలుసులు వైన్‌లో పడతాయి. మర పొట్టిగా, బిరడా పొడుగ్గా ఉంటే ఒక్క ఊపున లాగకండి. ఒక 15 మి.మీ. పైకి వచ్చాక ఆపి, మరను ఇంకో చుట్టు దించి మళ్లీ లాగండి. మీ బిరడాలు సగానికి విరగడానికి ఇదే ముఖ్య కారణమని నా అంచనా.

గాజుమెడ:
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను: లాగే ముందు మెలిపెట్టండి.

మామూలు వైన్ బిరడా 24 మి.మీ. వెడల్పు ఉంటుంది. దాన్ని మూతి దగ్గర 18.5 మి.మీ. ఉన్న మెడలోకి నొక్కి దించుతారు. అది ఎప్పుడూ విచ్చుకోవాలని చూస్తూ గాజును చుట్టూ నెడుతుంటుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే గాజుకు అతుక్కుపోతుంది కూడా. అందుకే కదలడం మొదలయ్యేందుకు కావలసిన బలం ఎక్కువ, కదిలాక కావలసింది తక్కువ. మామూలు సీసాకు 20 నుంచి 40 కిలోల లాగుడు పడుతుంది. లోపల గాలి పలచబడి బిరడాను కిందికి లాగుతుందని కొందరంటారు. లెక్క వేసి చూడండి: 18.5 మి.మీ. రంధ్రం వైశాల్యం దాదాపు 2.7 చదరపు సెం.మీ., కింద పూర్తి శూన్యం ఉన్నా లాగుడు 2.8 కిలోలకు మించదు. మిగతాదంతా రాపిడే.

ఆ అతుకును మెలితో తెంచితే లాగుడు బాగా తగ్గుతుంది. మర పూర్తిగా దిగాక పిడిని అదే దిశలో ఇంకో పావు చుట్టు నిదానంగా తిప్పండి. బిరడా గాజు మీద జారినట్టు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. తెలియగానే ఆపేయాలి. ఇంకా తిప్పితే మర తను చేసుకున్న దారినే అరగదీస్తుంది, పట్టు పోతుంది. ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1795లో ఇంగ్లండులో శామ్యూల్ హెన్‌షాల్ పేటెంటు తీసుకున్న కార్క్‌స్క్రూలో మర పైన ఒక చిన్న బిళ్ల ఉంటుంది. ఆ బిళ్ల బిరడా తలను తాకగానే మర ఇక దిగదు, బిరడాయే తిరుగుతుంది. కార్క్‌స్క్రూకు వచ్చిన మొదటి పేటెంటు అదే. మూతి అంచుకు ఆనించి ఎత్తే మీట రకానికి జర్మనీలో కార్ల్ వీంకె పేటెంటు 1882లో వచ్చింది. మీ చాకుకు ఆ మీట లేదు కాబట్టి హెన్‌షాల్ మెలికే మీకు దిక్కు.

లాగేటప్పుడు మణికట్టుతో లాగకండి, పిడి ఒక పక్కకు లేస్తుంది. కుర్చీలో కూర్చుని, సీసాను నేల మీద రెండు పాదాల మధ్య బిగించి, చేయి చాపి ఉంచి నడుముతో నిటారుగా లేవండి. కుదుపు వద్దు. మెడ చుట్టూ మందపాటి తువ్వాలు చుట్టడం మరవకండి. ముందే మూతిని వెలుగులో తిప్పి చూసి, పగులు గీత కనిపిస్తే ఆ సీసాను అసలు లాగవద్దు. మెడ పగిలితే గాజు నేరుగా చేతికే వస్తుంది.

ఇంకో మాట, బుడగలొచ్చే షాంపేన్ లాంటి సీసాలకు కార్క్‌స్క్రూ పెట్టనే కూడదు. లోపల మామూలు గాలి ఒత్తిడికి 5, 6 రెట్ల ఒత్తిడి ఉంటుంది.

మడతచాకు:
కొలిచాను. విరిగిన ముక్కలన్నీ అడ్డంగానే ఉన్నాయి, పురిమర గారు చెప్పినట్టు లోతు సమస్యే. మర పూర్తిగా దించకుండా ఆపడానికి కారణం ఉంది: పూర్తిగా దించితే పిడి మూతికి ఆనుకుంటుంది, కింద వేళ్లు పెట్టే చోటుండదు. పైగా కార్క్‌స్క్రూ పక్కనే ఉన్న దబ్బనం లాంటి పనిముట్టు అంచు వేళ్లకు గుచ్చుకుంటుంది.

పురిమర:
అక్కడే చిక్కు. మూతికీ పిడికీ మధ్య వేళ్లు పెట్టాలనుకోకండి, మూతికి రెండు పక్కల పెట్టాలి. పిడి 91 మి.మీ., మూతి బయటి వెడల్పు దాదాపు 29 మి.మీ. అంటే రెండు వైపులా చెరో 31 మి.మీ. మిగులుతుంది. చెరో వైపు రెండు వేళ్లు సరిపోతాయి. మెడ నడిమి వేలికీ ఉంగరం వేలికీ మధ్య రావాలి. అరచేయి బ్లేళ్లు తెరుచుకునే వైపు ఆనుతుంది కాబట్టి లాగేముందు బ్లేళ్లన్నీ టక్కున మూసుకున్నాయో లేదో చూసుకోండి. వేళ్ల కింద చేతిరుమాలు నాలుగు మడతలు పెడితే ఆ దబ్బనం బాధ ఉండదు.

పిడి రెండు కొసలూ సమంగా లేస్తున్నాయా అన్నది చూడండి. ఈ కార్క్‌స్క్రూకు తాళం ఉండదు, స్ప్రింగు ఒత్తిడే దాన్ని తెరిచి పట్టుకుంటుంది. ఒక కొస ముందు లేస్తే మర మడత వైపు తిరుగుతుంది, రివిట్ మీద భారం పక్కగా పడుతుంది. కీలు వదులైన చాకులన్నీ అలా లాగినవే.

ఆకురాయి:
మెడలో మిగిలిన ముక్క గురించి ఎవరూ చెప్పలేదు.

సీసాను నిలబెట్టి మళ్లీ నడుమ మర దించితే ముక్క కిందికి జారి వైన్‌లో పడుతుంది. సీసాను దాదాపు పడుకోబెట్టండి, మూతి కొద్దిగా పైకి ఉంటే చాలు. వైన్ వెనక నుంచి ఆనుకుని ముక్క జారడం తగ్గుతుంది. పాత రంధ్రాన్ని వదిలేసి, మరను 45 డిగ్రీల వాలులో, ముక్క ఒక అంచు నుంచి ఎదుటి గాజు గోడ వైపు ఎక్కించండి. ముక్క గాజుకు ఒరిగి గట్టిగా నిలబడుతుంది కాబట్టి మర పట్టుకుంటుంది. రెండు చుట్లు చాలు. లాగేటప్పుడు తిప్పకండి.

అప్పటికీ పొడి రాలుతుంటే మొండికేయవద్దు, ముక్కను లోపలికే నెట్టేయండి. మొద్దు చెంచా కాడతో నిదానంగా నొక్కండి. లోపల ఒత్తిడి పెరిగి వైన్ ఒక్కసారి చిమ్ముతుంది, మూతి చుట్టూ గుడ్డ కప్పి మీ ముఖం దూరంగా పెట్టుకోండి. తర్వాత కాఫీ ఫిల్టరు కాగితంలోనో, సన్నని నేత గుడ్డలోనో వడగట్టి వేరే పాత్రలోకి తీసుకోవచ్చు. బిరడా వైన్‌లో కాసేపు తేలినంత మాత్రాన రుచి చెడదు.

చాలా పాత సీసాలకు ఈ చాకు వాడకపోవడమే మేలు. బిరడా మెత్తబడో, పెళుసెక్కో ఉంటుంది, నడుమ ఏ మర గుచ్చినా విచ్చిపోతుంది. వాటికి రెండు పలచని రేకు కాళ్ల పనిముట్టు ఉంది. కాళ్లను బిరడాకూ గాజుకూ మధ్య అటొకసారి ఇటొకసారి ఊపుతూ దించి, తిప్పుతూ పైకి లాగాలి. బిరడాకు రంధ్రమే పడదు.

మెడకు వేడి గుడ్డ చుట్టడం, సీసా అడుగును గోడకు కొట్టడం గురించి అక్కడక్కడా చెబుతారు. రెండూ వద్దు. ఒకచోట వేడెక్కిన గాజు పగులుతుంది, దెబ్బకు అడుగు ఊడొచ్చిన సీసాలూ ఉన్నాయి.

ప్లాస్టిక్ బిరడాలైతే విరగవు కానీ గట్టిగా బిగుసుకుని ఉంటాయి. మొన పదునుగా లేకపోతే మర పైనే జారుతుంది. పదును పెట్టాలంటే సన్నని ఆకురాయితో మొన బయటి వైపు మాత్రమే, మర చుట్టు వంపును అనుసరిస్తూ రెండు మూడుసార్లు గీయండి. లోపలి వైపు రుద్దితే మొన బయటికి తిరిగి దారి తప్పుతుంది.

గాజుమెడ:
చాకు గురించి ఒక చిన్న విషయం, కొనేవాళ్లకు పనికొస్తుంది. చాకుల తయారీదారు కార్ల్ ఎల్సనర్ 1891లో స్విస్ సైన్యానికిచ్చిన చాకులో కార్క్‌స్క్రూ లేదు. 1897లో ఆయన నమోదు చేయించిన ఆఫీసర్ల చాకుతో అది వచ్చింది. బ్లేళ్లను పట్టే స్ప్రింగులనే వీపు వైపు పనిముట్లకూ వాడుకోవడంతో చాకు లావెక్కకుండానే చోటు దొరికింది. ఇప్పుడు చాలా మోడళ్లలో అదే చోట కార్క్‌స్క్రూకు బదులు ప్లస్ స్క్రూడ్రైవరు ఉంటుంది. మిగతా అన్నీ ఒకేలా ఉండటంతో చూడకుండా కొంటే పొరబాటు జరుగుతుంది. కొన్నిటిలో మర డొల్లలో కళ్లజోడు స్క్రూలకు వాడే బుల్లి స్క్రూడ్రైవరు దూర్చి ఉంటుంది. దాన్ని ముందే తీసి పక్కన పెట్టండి, లేకపోతే మర దిగదు.

మడతచాకు:
45 మి.మీ. బిరడాను రెండు దఫాలుగా, మధ్యలో ఒక చుట్టు దించి లాగితే విరగకుండా వచ్చింది. మెలి పెట్టినప్పుడు కిర్రుమని జారడం కూడా తెలిసింది. ఒక సందేహం మిగిలింది. ఇంతకుముందు లోపలికి నెట్టిన ముక్క ఖాళీ సీసాలో ఉంది, సీసా మళ్లీ వాడుకోవాలి. దాన్ని బయటికి తీసే దారి ఉందా?

ఆకురాయి:
ఉంది. పలచని ప్లాస్టిక్ సంచిని పొడుగ్గా మెలిపెట్టి, మూసి ఉన్న కొస ముందుగా సీసాలోకి దూర్చండి, సంచి మూతి బయటే ఉండాలి. సీసాను తలకిందులు చేసి ఊపితే బిరడా ముక్క జారి మెడ దగ్గర, సంచికీ గాజుకూ మధ్య పడుతుంది. ముక్క అడ్డంగా కాక నిలువుగా పడాలి, పడేదాకా ఊపండి. అప్పుడు సంచిలోకి కొద్దిగా గాలి ఊది, మూతి మెలేసి, సంచిని నిదానంగా లాగండి. ఉబ్బిన సంచి ముక్కను చుట్టుకుని మెడలోకి తెస్తుంది. గాజుకూ బిరడాకూ మధ్య ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి రాపిడి తక్కువ, జారి వచ్చేస్తుంది. సంచి చిరిగితే కాస్త మందమైనది తీసుకోండి, మెడ లోపల ఒక చుక్క నీళ్లు తడిచేస్తే ఇంకా తేలిక.

పని అయ్యాక కార్క్‌స్క్రూను గోరువెచ్చని నీళ్లలో కడిగి, పిడిలో అది పడుకునే గాడిలోంచి బిరడా నలుసులు పుల్లతో తీసేయండి. ఆ నలుసులు తడి పట్టుకుని కూర్చుంటే స్ప్రింగు గట్టిపడుతుంది. పూర్తిగా ఆరాక కీలు దగ్గర ఒక్క చుక్క నూనె వేసి, నాలుగైదుసార్లు తెరిచి మూయండి.