ఫాంహౌస్ అతిథులకు పాములు, తేళ్లు, పురుగుల గురించి ముందే ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న (తోట యజమాని, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. వికారాబాద్ దాటాక, అనంతగిరి కొండల దిగువన మాకు ఒక మామిడితోట, అందులో ఒక పెంకుటిల్లు ఉన్నాయి. వారాంతాల్లో నగరం నుంచి వచ్చే కుటుంబాలకు ఆ ఇంటిని అద్దెకు ఇస్తున్నాము. మృగశిర కార్తెలో తొలి వాన పడిన రాత్రి ఉసిళ్లు లేచి వరండాలోని ట్యూబులైటు చుట్టూ మూగాయి. తెల్లవారేసరికి గచ్చు మీద రెక్కలు చీపురుతో ఎత్తిపోయవలసినన్ని రాలి ఉన్నాయి. ఆ రోజు దిగిన కుటుంబం అది మా అపరిశుభ్రత వల్లనే జరిగిందని భావించి, పురుగుల మందు కొట్టించని ఇల్లని సమీక్ష రాసి వెళ్లింది.

గదిలో ఉంచడానికీ, బుకింగుకు ముందే పంపడానికీ ఒక కాగితం తయారు చేయాలనుకుంటున్నాను. పాము అన్న మాట అందులో కనబడితే ఒక్కరు కూడా రారని మా తమ్ముడి వాదన. చిన్నపిల్లలతో వచ్చేవారికి చెప్పకుండా దాచడం నాకు ఇష్టం లేదు. అందులో ఏమి రాయాలి, ఏమి వదిలేయాలి? నెలనెలా మందు కొట్టించడం వల్ల ప్రయోజనం ఉంటుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (మొయినాబాద్ వైపు అద్దె ఇల్లు నడుపుతున్నవారు)

మీ తమ్ముడి భయం నాకూ తెలిసినదే కానీ, నా అనుభవంలో ముందే చదివి వచ్చినవారు తక్కువ గొడవ చేస్తారు. మాకు చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానవనం పక్కనే కాబట్టి నెమళ్లు ధారాళంగా వస్తాయి. ఫొటోలో నెమలిని చూసి బుక్ చేసుకున్నవారే, తెల్లవారుజామున దాని అరుపుకు నిద్ర చెడిందని ఫిర్యాదు చేసిన సందర్భాలున్నాయి! అందువల్ల నెమలి కూత గురించి కూడా ఒక వాక్యం రాయడం మంచిది.

ఏ నెలలో ఏది కనబడుతుందో రాయండి. ఉసిళ్లు తొలకరి తరువాత కొన్ని సాయంత్రాలు మాత్రమే లేస్తాయని, అవి రెక్కలొచ్చిన చెదపురుగులేనని, కుట్టవని చెబితే సగం భయం పోతుంది. ఆరుద్ర పురుగులు ఎర్రని మఖమల్ ముక్కల్లా నేల మీద తిరుగుతుంటే పిల్లలు వాటిని అరచేతిలోకి తీసుకుంటారు, వాటివల్ల హాని లేదు. రోకలిబండ కూడా కరవదు, తాకితే చుట్ట చుట్టుకుంటుంది. అది వదిలే పసుపు ద్రవం కంట్లో పడితే మంట పుడుతుంది కాబట్టి పట్టుకున్న చేతులు కడుక్కోమనండి.

జాగ్రత్తగా రాయవలసినది అందరూ యాసిడ్ పురుగు అనే సన్నని పురుగు గురించి. తల నల్లగా, నడుము నారింజ రంగులో, తోక వైపు మళ్లీ నల్లగా, చీమకన్నా కొంచెం పొడవుగా ఉంటుంది. అది కుట్టదు. మెడ మీద వాలినప్పుడు అలవాటుగా చేత్తో నలిపేస్తే దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుకుని, మర్నాటికో ఆ పై రోజుకో కాలినట్టు ఎర్రటి చార, బొబ్బలు వస్తాయి. నలపకుండా ఊదేయాలని, పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగాలని రాస్తే చాలు.

మందు విషయంలో మాత్రం డబ్బు వృథా చేసుకోవద్దు. ఆరుబయట కొట్టిన మందు ఒక్క వానకు కొట్టుకుపోతుంది, పైగా మామిడి పూతకు వచ్చే తేనెటీగలు చస్తాయి. తెల్లని ట్యూబులైట్లు తీసేసి పసుపు వెలుగునిచ్చే ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి, కిటికీలకు జాలీ వేయించండి. దీపాన్ని తలుపు మీద కాకుండా కొంచెం దూరంలో స్తంభానికి బిగిస్తే మూగే పురుగులు అక్కడే ఉండిపోతాయి.

సమాధానం (పాములను కాపాడి వదిలే స్వచ్ఛంద కార్యకర్త)

పాము అన్న మాట తప్పక ఉండాలి, అయితే పాములన్నిటి జాబితా అక్కరలేదు. మన ప్రాంతంలో మనుషులకు ప్రాణాపాయం కలిగించేవి ముఖ్యంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. తోటల్లో పగటిపూట ఎక్కువగా కనబడి అందరినీ పరుగులు పెట్టించే జెర్రిపోతుకు విషమే లేదు, అది ఎలుకల కోసం వస్తుంది. నా దృష్టిలో అతిథుల ఇంటికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఎవరి కంటా పడని కట్లపాము. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారి పక్కలోకి చేరుతుంది, కాటు నొప్పి లేకుండా ఉండవచ్చు, వాపు కూడా రాకపోవచ్చు. నిగనిగలాడే నల్లని ఒంటి మీద సన్నని తెల్ల గీతలు ఉంటాయి. అవి మెడ దగ్గర మసకగా ఉండి తోక వైపు స్పష్టమవుతాయి. విషం లేని మరో పాముకు ఇలాంటి గీతలే మెడ దగ్గర స్పష్టంగా, తోక వైపు మసకగా ఉంటాయి. ఈ తేడా చూడడానికి దగ్గరకు వెళ్లమని మాత్రం అతిథులకు చెప్పకండి.

కాబట్టి కాగితం కన్నా ముందు ఇంటిని సరిచేయండి. ఎంత మంది వచ్చినా అందరికీ మంచాలు ఉండాలి, దోమతెరను పరుపు కిందికి దోపాలి, తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ కొట్టించాలి, గోడకు ఆనించి పేర్చిన కట్టెలు, పెంకులు దూరం జరపాలి. అతిథులు బార్బిక్యూ చేసి వదిలిన ఎముకలు, అన్నం రాత్రికి రాత్రే తీయించండి; వాటికి ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి. ఫినాయిల్, వెల్లుల్లి, గంధకం చల్లితే పాములు రావన్నది వట్టి నమ్మకం. పాము కనబడితే కొట్టవద్దని స్పష్టంగా రాయండి: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, పైగా కొట్టబోయినప్పుడే చాలా కాట్లు జరుగుతాయి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది. మీ తోటకు దగ్గరలో ఎవరు వస్తారో ముందే కనుక్కుని, ఆ నంబరును గోడ మీద అంటించండి.

సమాధానం (ప్రభుత్వ ఆసుపత్రి వైద్యురాలు)

పై సమాధానానికి వైద్యం వైపు నుంచి కొంత చేర్చాలి. పాము కరిచినవారిని కదలకుండా పడుకోబెట్టి, ఉంగరాలు, గాజులు తీసి, కాటు పడిన కాలినో చేతినో కర్రతో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేయాలి. తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం పనికిరావు. ఏ పామో తెలియదని భయపడనవసరం లేదు, ఎందుకంటే మనకు దొరికే విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాములకూ కలిపి తయారైనది. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తుంటే, కాటు గుర్తు కనబడకపోయినా కట్లపాము కాటుగానే అనుమానించి ఆసుపత్రికి తేవాలి. అజీర్తి అనుకుని సోడా తాగించి కూర్చోవడం వల్ల పోయే గంటలే ప్రాణం తీస్తాయి.

తేలు విషయంలో జనం అంచనా తలకిందులుగా ఉంటుంది. మండ్రగబ్బను చూసి హడలిపోతారు కానీ, పిల్లలకు అసలు ముప్పు వేలెడు కూడా ఉండని ఎర్ర తేలు వల్ల. కుట్టిన తరువాత ఒళ్లంతా చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడడం కనిపిస్తే గుండె మీద ప్రభావం మొదలైందని అర్థం. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ మాత్రతో ఈ మరణాలను తగ్గించవచ్చని చూపించారు, కాబట్టి వేగంగా తీసుకువస్తే వైద్యం ఉంది. స్నానాల గదిలో తడి తువ్వాలు రాత్రంతా నేల మీద పడి ఉండకూడదు, బూట్లు దులిపి తొడుక్కోవాలి. చీకటిలో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. అతిథులు దిగే ముందు మీ కాపలాదారుతో గోడ మూలలు అలా చూపించండి.

ఇంకొక విషయం ఎవరూ రాయరు. వానాకాలంలో పొదల్లో, గడ్డిలో కూర్చున్నవారిని కంటికి కనబడని మైట్ అనే పురుగుల పిల్లలు (మంచాల్లో ఉండే నల్లులు కావు) కరిచి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. అది ఇంటికి వెళ్లిన వారం పది రోజుల తరువాత మొదలవుతుంది, చంకలోనో నడుము దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని మచ్చ ఉండవచ్చు. తోటకు వెళ్లివచ్చామని డాక్టరుకు చెప్పాలన్న ఒక్క వాక్యం మీ కాగితంలో ఉంటే ఎంతో మేలు. డాక్సీసైక్లిన్‌తో అది నయమవుతుంది.

సమాధానం (పిల్లలతో తరచూ వెళ్లే అతిథి)

నాలుగు పేజీలు పంపితే నేను చదవను. బుకింగుకు ముందు నాకు తెలియవలసింది మరుగుదొడ్డి ఇంటి లోపలే ఉందా, రాత్రి బయటికి నడవాలా, దగ్గరి ఆసుపత్రికి ఎంత సేపు పడుతుంది, ఫోను సిగ్నల్ ఉంటుందా అన్నవే. చిరుతల సంగతి కూడా అడుగుతాము, 2024లో శంషాబాద్ విమానాశ్రయంలోకి చిరుత వచ్చాక మా ఇంట్లో అందరికీ అదే భయం. నిజానికి మమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి కోతులే. ఒక తోటలో పాప చేతిలోని చిప్స్ పొట్లం లాక్కుని, అక్కడే గోడ మీద కూర్చుని తిన్నాయి. తినుబండారాలు బయట పెట్టవద్దని, కోతి కళ్లలోకి చూసి పళ్లు ఇకిలించవద్దని రాయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. బుకింగుకు ముందు ఒకే పేజీ పంపుతాను, అందులో మరుగుదొడ్డి, సిగ్నల్, ఆసుపత్రి దూరం మొదట ఉంటాయి. కార్తెల ప్రకారం పురుగుల వివరాలు గదిలోని పుస్తకంలో పెడతాను. మందు కొట్టించడానికి పక్కన పెట్టిన డబ్బుతో మంచాలు, జాలీలు కొంటున్నాము. మా తోట దారికి మ్యాపులో పేరు లేదు కాబట్టి, 108 డ్రైవరుకు చెప్పవలసిన గుర్తులను, అంటే తారురోడ్డు మీది పోచమ్మ గుడి, ఆ తరువాత ఎడమవైపు మట్టిబాట, తలుపు వెనుక పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాను. ఎర్ర తేలు, మండ్రగబ్బ పక్కపక్కన ఉన్న స్పష్టమైన ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టగలరు.