మూడు షరతులు కలిపే రూల్: సీవ్‌లో రాయాలా, స్పామ్‌అసాసిన్‌లోనా?

కొత్తఅడ్మిన్: మాది పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ తీసుకునేది), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సుల్లో ఉంచేది) ఉన్న మెయిల్ సర్వర్. మా ఎండీ పేరుతో బయటివాళ్లు పంపే మోసపు మెయిళ్లు ఆపాలి. ఫ్రమ్‌లో ఎండీ పేరుండాలి, అడ్రస్ మా రెండు డొమైన్లలో ఏదీ కాకూడదు, సబ్జెక్ట్‌లో "చెల్లింపు" గానీ "ఇన్‌వాయిస్" గానీ ఉండాలి. మూడూ కలిస్తేనే క్వారంటైన్ ఫోల్డర్‌కి పోవాలి. పోస్ట్‌ఫిక్స్ హెడర్ చెక్స్‌లో (ఫ్రమ్, సబ్జెక్ట్ లాంటి హెడర్ లైన్లను పోల్చే రూల్స్) ఇఫ్–ఎండిఫ్ పెట్టినా పట్టట్లేదు. సీవ్‌లో (డవ్‌కాట్ వైపు మెయిళ్లను ఫోల్డర్లకు పంపే రూల్స్ భాష) రాయాలా, స్పామ్‌అసాసిన్‌లోనా (స్కోరు వేసి స్పామ్ పట్టే సాఫ్ట్‌వేర్)?

క్యూమేనేజర్: పట్టదండీ. హెడర్ చెక్స్ ఒక్కో హెడర్‌నీ విడిగా చూస్తుంది. ఫ్రమ్ దగ్గర తేలిన సంగతి సబ్జెక్ట్ దాకా రాదు. ఇఫ్ కూడా ఆ ఒక్క హెడర్‌కే. పైగా తెలుగు సబ్జెక్ట్ మామూలుగా బేస్64లో (అక్షరాలను కోడ్‌గా మార్చే పద్ధతి) వస్తుంది, పోస్ట్‌ఫిక్స్ విప్పకుండానే పోలుస్తుంది కాబట్టి "చెల్లింపు" ఎప్పటికీ దొరకదు. సీవ్ విప్పి చూస్తుంది. ఆల్‌ఆఫ్‌లో (అన్నీ నిజమైతేనే నిజం) మూడు టెస్టులు రాస్తే సరి.

లాగ్‌రీడర్: సరిపోదు గురూ. మోసగాడు సబ్జెక్ట్‌లో "అర్జెంట్" అని మాత్రమే రాస్తే ఆల్‌ఆఫ్ వదిలేస్తుంది. స్పామ్‌అసాసిన్‌లో మూడు సబ్‌రూల్స్ రాయండి. పేరు ముందు రెండు అండర్‌స్కోర్లుంటే వాటికి విడిగా స్కోరు పడదు. పేరు, బయటి డొమైన్ కలిసే మెటాకి (సబ్‌రూల్స్‌ని కలిపే రూల్) 2, మూడూ కలిసే మెటాకి ఇంకో 4. మొత్తం 6, స్పామ్ అనడానికి డిఫాల్ట్ హద్దు 5.

క్యూమేనేజర్: అదే మెయిల్‌కి బేయస్ 00 (మాటల్ని బట్టి స్పామ్ కాదనే అంచనా) పడితే 1.9 తగ్గుతుంది. మిగిలేది 4.1, నేరుగా ఇన్‌బాక్స్‌కే. ఇలాంటి మెయిల్‌లో మాటలు మామూలు ఆఫీసు మాటలే కాబట్టి అది పడే అవకాశం బాగానే ఉంది. "మూడూ కలిస్తే తప్పనిసరి" అని అడిగినవారికి స్కోరు ఇవ్వడమేంటి?

సీవ్‌ప్రియ: ముందు డొమైన్ షరతు చూడండి. "ఒకటో డొమైన్ కాదు" "రెండోది కాదు" అని ఎనీఆఫ్‌లో (ఏ ఒక్కటి నిజమైనా నిజం) పెడితే ప్రతి మెయిల్‌కీ నిజమే, ఎందుకంటే ఏ అడ్రసూ రెండు డొమైన్లలో ఉండదు. మీ ఎండీ పంపినవీ క్వారంటైన్‌కే. రెండు డొమైన్లనూ ఒకే అడ్రస్ టెస్ట్‌లో జాబితాగా ఇచ్చి ముందు నాట్ పెట్టండి. ఎండీ పేరుకి మాత్రం హెడర్ టెస్ట్ వాడాలి, అడ్రస్ టెస్ట్ డిస్‌ప్లే పేరుని చూడదు. పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వండి.

లాగ్‌రీడర్: ఒప్పుకుంటా. అయినా మెటానే ఉంచి స్కోరు 0.1 ఇవ్వొచ్చు. సున్నా ఇస్తే రూలే ఆగిపోతుంది. స్పామ్‌అసాసిన్ మెయిల్‌కి చేర్చే ఎక్స్-స్పామ్-స్టేటస్ హెడర్‌లో ఆ రూల్ పేరు కనబడితే సీవ్ ఫైల్‌ఇంటూతో క్వారంటైన్ ఫోల్డర్‌లో వేస్తుంది. షరతులు ఒక్కచోటే ఉంటాయి, తర్వాత రూల్ మార్చేవాడికి తిప్పలుండవు.

క్యూమేనేజర్: మూడు లైన్ల పనికి రెండు సాఫ్ట్‌వేర్లా! ఆ హెడర్ రాకపోతే ఏ హెచ్చరికా లేకుండా రూల్ చచ్చిపోతుంది. ఏది పెట్టినా ముందు సీవ్-టెస్ట్‌లో (సీవ్ రూల్‌ని నమూనా మెయిల్‌పై నడిపి చూసే టూల్) నాలుగు నమూనా మెయిళ్లు నడపండి: మూడూ కలిసేది ఒకటి, ఒక్కో షరతు తప్పేవి మూడు.