వయాలో (కీబోర్డు కీలు మార్చుకునే యాప్) గేమ్ లేయర్ పెట్టాక స్పేస్ ఆలస్యం, వెనక్కి రావడం లేదు

ప్రశ్న:
పగలంతా ఇన్‌స్క్రిప్ట్ తెలుగు లేఅవుట్‌లో డీటీపీ పని, రాత్రి తమ్ముడితో వాలరెంట్ గేమ్. కీల అమరికలో లేయర్ 0 (పొర) మామూలుది, లేయర్ 1 గేమ్ కోసం: అందులో విండోస్ కీ తీసేశా, మిగతావన్నీ ట్రాన్స్‌పరెంట్ (కింది లేయర్‌లోని కీయే పనిచేస్తుంది). టైపింగ్‌లో స్పేస్ నొక్కి పట్టుకుంటే బాణం కీలు రావాలని లేయర్ 0లో ఎల్‌టీ(2, స్పేస్) ఇచ్చా, అంటే కొట్టి వదిలితే స్పేస్, నొక్కి ఉంచితే లేయర్ 2. ప్రాణం హాయిగా ఉంది. కానీ గేమ్‌లో స్పేస్ మీద వేలు తీశాకే బొమ్మ ఎగురుతోంది, నొక్కి ఉంచితే అసలు ఎగరదు. పైగా టీఓ(1)తో (ఆ లేయర్‌కి మారిపోయే కీ) లేయర్ 1కి వెళ్తే వెనక్కి రాలేక కేబుల్ పీకి పెడుతున్నా.

జవాబు 1:
అన్నా, ఎల్‌టీ కీ నువ్వు వేలు తీసేదాకా ఆగి చూస్తుంది. క్యూఎంకేలో (వయా వెనక కీబోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మామూలు గడువు 200 మిల్లీసెకన్లు, అది దాటితే లేయర్ కీ అయిపోతుంది. లేయర్ 1లో స్పేస్‌ని ట్రాన్స్‌పరెంట్‌గా వదలకు, ఉత్త స్పేస్ పెట్టు.

జవాబు 2:
టీఓ బదులు టీజీ(1) వాడండి, అది ఒకసారి నొక్కితే లేయర్‌ని ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ చేసే కీ. లేయర్ 1లో అదే కీ ట్రాన్స్‌పరెంట్‌గా ఉంటే చాలు, మళ్లీ నొక్కితే దిగిపోతుంది. టీఓ అయితే కింద ఉన్న టీఓ(1)నే మళ్లీ పట్టుకుంటుంది, అందుకే ఇరుక్కున్నారు.

ప్రశ్న అడిగినవారు:
రెండూ కుదిరాయి, చాలా థాంక్స్! ఒక్కటే మిగిలింది: గేమ్ చాట్‌లో డబ్ల్యూ కొడితే ఐత్వం పడుతోంది.

జవాబు 2:
అది లేయర్ పని కాదండీ. కీబోర్డు కీ కోడ్ మాత్రమే పంపుతుంది, భాష విండోస్ చేతిలో ఉంటుంది. లేయర్ 1లో విండోస్ కీ లేదు కాబట్టి, టీజీ నొక్కే ముందే విండోస్+స్పేస్‌తో ఇంగ్లీషుకి మారండి.