ఎస్టీమ్‌కి టర్బో పెట్టాం, ఎండలో నాకింగ్ ఆగట్లేదు

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. అమెచ్యూర్ రేసుల కోసం నేనూ మా బావమరిదీ కలిసి ఆటోనగర్‌లో పాత మారుతి ఎస్టీమ్ కారు 1.3 లీటర్ల ఇంజన్‌కి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం) బిగించాం. టర్బో ఒక డీజిల్ కారుది. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు కంపెనీవే. బూస్ట్ (టర్బో ఎక్కించే గాలి ఒత్తిడి) 0.5 బార్ దాటనివ్వట్లేదు.

ఉదయం ఆరింటికి బండి బ్రహ్మాండంగా లాగుతుంది. మధ్యాహ్నం ఎండలో మాత్రం 4,000 ఆర్‌పీఎం దాటాక ఫుల్ థ్రాటిల్ ఇస్తే టకటకమని నాకింగ్ (సిలిండర్‌లో గాలి-పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం). గాలి-పెట్రోల్ నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ మీటర్ 11.8 చూపిస్తోంది (అంటే పెట్రోల్ ఎక్కువే పడుతోంది) కాబట్టి పెట్రోల్ తక్కువై కాదు. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దాటిన గాలే 70 డిగ్రీలుంటోంది! ఇంటర్‌కూలర్ ఇంజన్ మీదే ఉంది, బంపర్ వెనక్కి మార్చాలంటే పైపులన్నీ మళ్లీ వెల్డింగ్ చేయించాలి.

ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) 4 డిగ్రీలు వెనక్కి తీస్తే శబ్దం పోయింది గానీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా కాలుతోంది. పెట్రోల్ పొగ డీజిల్ కన్నా బాగా వేడి కదా, ఈ టర్బో తట్టుకుంటుందా అన్నదే నా భయం.

ముందు ఇంటర్‌కూలర్ మార్చాలా, హెడ్ విప్పి కంప్రెషన్ తగ్గించాలా? కంప్రెషన్ తగ్గించడానికి మందం హెడ్ గ్యాస్కెట్ వేస్తే క్వెంచ్ (పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే ఇరుకు సందు ప్రభావం) పోయి నాకింగ్ ఇంకా పెరగొచ్చని మెకానిక్ బాబాయ్ అంటున్నారు. ఎక్కువ ఒత్తిడి తట్టుకునే ఫోర్జ్‌డ్ పిస్టన్లకి ఇప్పుడు డబ్బుల్లేవు. ఈ ఇంజన్ పగలకుండా శ్రీపెరుంబుదూర్ ట్రాక్ దాకా చేర్చాలన్నది మా ఇద్దరి కోరిక. చేసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.